తిల్లను గుర్తుపట్టే తీరు

అమలాపురం

అమ్మడూ,

నువ్వు పల్లం నుంచి పంపిన ఫోటో చేరింది. ‘ఇది తెల్లమడా, తిల్లా?’ అని అడిగావు. ఫోటోలో ఒక్క ఆకే ఉంది. అది ఏ నేలలో మొలిచిందో, నీటికి ఎంత దూరంలో ఉందో నువ్వు రాయలేదు. మడ అడవిలో చెట్టు పేరు సగం ఆ నేలే చెబుతుంది. అందుకే ముందు నేల సంగతి చెప్పి, తర్వాత ఆకు దగ్గరకి వస్తాను.

గౌతమి సముద్రంలో కలిసే చోట, మన కాట్రేనికోన మండలంలో పల్లం, బలుసుతిప్ప వైపు, నేల జానెడు ఎత్తు మారినా చెట్టు మారిపోతుంది. పోటుకి మునిగి, పాటుకి బయటపడే బురద అంచు మడలది. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి వాటి వేళ్లు పెన్సిళ్లలా నిటారుగా పైకి పొడుచుకొస్తాయి. వాటినే శ్వాసవేళ్లు అంటాం. అక్కణ్ణుంచి కాస్త మెరక ఎక్కి, పెద్ద పోటులకే నీరందే ఉప్పు పర్ర అంచుకి వస్తే అక్కడ తిల్ల ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి శ్వాసవేళ్లు ఉండవు. వేళ్లు మెలికలు తిరిగి నేలమీదే పాకుతాయి.

ఇక కొమ్మ చూడు. మడకి ఆకులు జంటగా, ఎదురెదురుగా వస్తాయి. తిల్లకి ఒకటి ఇటు, ఒకటి అటు, విడివిడిగా వస్తాయి. తెల్లమడ ఆకు కొస సన్నగా ఉంటుంది, అడుగు బూడిద తెలుపు. నల్లమడ ఆకు కొస గుండ్రన. మడ ఆకు ఉప్పుని బయటికి తోసేస్తుంది కనుక ఎండపూట దానిమీద సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. తిల్ల ఆకు నున్నగా ఉంటుంది, అంచున చిన్న చిన్న నొక్కులుంటాయి, రాలే ముందు ఎర్రబడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. తిల్ల కొమ్మని తుంచి చూడొద్దు. దాని తెల్లటి పాలు ఒంటిమీద పడితే బొబ్బలు లేస్తాయి, కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు. పొరపాటున పడితే మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లాలి.

తిల్లలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టుకి పసుపు పచ్చని పూల కంకులు వేలాడతాయి. ఆడచెట్టుకి మూడు గదుల కాయలు కాస్తాయి. ఇది ఆముదం కుటుంబపు చెట్టు మరి. ఆడా మగా వేరు కాబట్టి ఒక్క చెట్టు దగ్గరే ఆగిపోకు. ఉత్తరాన ఉన్న చలిదేశాల్లో విల్లో పొదలని చదివేవాళ్లకీ ఇదే పని. అక్కడా ఆడా మగా వేరు వేరు పొదలు, పైగా ఒక జాతి ఇంకోదానితో కలిసిపోతుంటుంది. చాలా విల్లోలు ఆకుల కంటే ముందే పూస్తాయి కాబట్టి ఒకే పొదని పూల కాలంలో ఒకసారి, ఆకులు ముదిరాక ఇంకోసారి చూడాలి. ఏటి ఒడ్డునుందా, చిత్తడిలో ఉందా అన్నది కూడా రాసుకుంటారు.

ఇదంతా చెట్టు పేరు తెలుసుకోవడానికే అనుకోకు. 1996 నవంబరు 6 తుపాను మన కోనసీమని ఎలా ఊడ్చేసిందో ఇంట్లో విన్నావు. అలాంటప్పుడు అలల ఊపుని తగ్గించేది ఈ మడ అడవే. గోదావరి డెల్టాలో పాడైన మడ నేలలకి పోటు నీరు అందక ఉప్పు పేరుకుంటే, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీరు ఆడేలా చేసి, ఆ తర్వాతే మొక్కలు నాటారు. నేలని ముందు చూశారు కాబట్టే అలా చేయగలిగారు. ఏ మొక్క ఏ మెరకలో బతుకుతుందో తెలియకుండా నాటితే నారు వృథా.

ఈసారి వెళ్లేటప్పుడు పాటు వేళ చూసుకుని, ఊళ్లోని చేపల వేటగాళ్లలో ఒకరిని తోడు తీసుకుని వెళ్లు. నోటుబుక్కులో ముందు నేల, నీరు రాయి. తర్వాత వేరు, కొమ్మ, ఆకు, పువ్వు, కాయ. పేరు అన్నిటికంటే చివర రాయి.

ఇట్లు,
నీ తాతయ్య