ప్రశ్నలు - జవాబులు: ఆడేవాళ్లు ఉన్నారు, ఆడించేవాళ్లేరి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాఠకులు ఊరి క్లబ్బుల గురించి రాసిన ఉత్తరాల్లో ఆట మెలకువలు అడిగినవి తక్కువ. ఆటను నిలబెట్టే మనుషుల గురించి అడిగినవే ఎక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాలంటీర్లకే ఇచ్చాం.

*

ప్రశ్న: మాది కబడ్డీ క్లబ్బు. ఆడే పిల్లలు ముప్పై మందికి పైనే ఉన్నరు. సంక్రాంతికి టోర్నమెంటు పెడితే పని చేసేది మాత్రం మేం ముగ్గురమే. సున్నం గీసేది మేమే, మైకు పట్టేది మేమే, చందాలకు తిరిగేది మేమే. వాట్సాప్ గ్రూపుల ‘వాలంటీర్లు కావాలె, అందరూ రావాలె’ అని పెడితే అందరూ బొటనవేలు గుర్తు పెడతరు. పొద్దున గ్రౌండు కాడ ఒక్కరు కనపడరు. ఏం చేయాలె?
– క్లబ్బు కార్యదర్శి, అయిజ

జవాబు: ‘అందరూ రావాలె’ అంటే నన్నే పిలిచారని ఎవరూ అనుకోరు. ఇంట్లో పెళ్లయితే గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోం కదా, గడప దాకా పోయి బొట్టు పెట్టి పిలుస్తాం. టోర్నమెంటుకూ అట్లాగే పిలవాలి. కానీ అంతకంటే ముందు, ఎవరిని ఏ పనికి పిలుస్తున్నారో మీకు తెలియాలి.

ఒక సాయంత్రం మీ ముగ్గురూ కూర్చుని లెక్క వేయండి. ఒక్క కోర్టు మీద కబడ్డీ మ్యాచ్ పద్ధతిగా నడవాలంటే రిఫరీ ఒకరు, అంపైర్లు ఇద్దరు, స్కోరరు ఒకరు, అసిస్టెంట్ స్కోరర్లు ఇద్దరు, మొత్తం ఆరుగురు కావాలి. 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో విరామం, టైమౌట్లు, జట్లు మారే వ్యవధి అన్నీ కలిపితే మ్యాచ్‌కు గంట పడుతుంది. 16 జట్లు నాకౌట్ ఆడితే 15 మ్యాచ్‌లు, అంటే రెండు రోజుల పని. రెండు రోజులూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ ఆరుగురే ఈల ఊదలేరు. రెండు బ్యాచ్‌లు పెడితే పన్నెండు మంది. నీళ్లు, మందుల పెట్టె, జట్ల పేర్ల నమోదు, మైకు, పార్కింగ్ ఇవన్నీ వేరే. ముగ్గురితో ఇన్నాళ్లూ ఎట్లా లాక్కొచ్చారో తలచుకుంటేనే మీ మీద గౌరవం కలుగుతోంది.

ఈ పనుల్లో చిన్నవిగా కనిపించేవే గొడవలు తెస్తాయి. మన మట్టి కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. రెండు మ్యాచ్‌లు అయ్యేసరికి బోనస్ గీత కాళ్ల కింద చెరిగిపోతుంది. కాలు గీత దాటిందా లేదా అని జట్లు మీద మీదికి వస్తాయి. ప్రతి మ్యాచ్ మధ్యలో సున్నం డబ్బా పట్టుకుని గీతలు దిద్దే పిల్లవాడు ఒకడుంటే ఆ గొడవే ఉండదు. అసిస్టెంట్ స్కోరరు పనీ అంతే. ఔటైనవాళ్లను ఔటైన వరుసలోనే కూర్చోబెట్టాలి, అదే వరుసలో మళ్లీ లోపలికి పంపాలి. చూసేవాడు లేకపోతే జట్టు తన మంచి రైడరును ముందు లేపి పంపుతుంది. లొల్లి అక్కడ మొదలవుతుంది.

కాబట్టి ‘టోర్నమెంటుకు సాయం చెయ్యి తమ్ముడూ’ అనకండి. ‘శనివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఔటైనోళ్ల వరుస నువ్వు చూడాలె, పన్నెండుకు నిన్ను వదిలేస్తం’ అని చెప్పండి. పని ఎప్పుడు ముగుస్తుందో తెలిస్తే మనిషి ఒప్పుకుంటాడు. ఎప్పటికి విడుస్తారో తెలియని పనికి ఎంత మంచివాడైనా జంకుతాడు. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాసుకోండి. ఒకరికి జ్వరమొచ్చినా, ఊరికి పోయినా రెండోవారు ఉంటారు.

ఇక మనుషులు ఎక్కడ దొరుకుతారంటే, ముందు మీ టోర్నమెంటుకు వచ్చే జట్లలోనే. తన మ్యాచ్ లేని వేళ ప్రతి జట్టూ ఇద్దరిని పనికి ఇవ్వాలని ఎంట్రీ షరతుల్లో రాయండి. ఆడేవాళ్లే పని చేయడం ఎక్కడా లేనిదేం కాదు. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పరుగు తీస్తే ఐదుగురు వాలంటీర్లు వాళ్లకు టైము చూశారు. అదే ఇవాళ అనేక దేశాల్లో వారం వారం జరిగే పార్క్‌రన్. అక్కడ పరుగెత్తేవాళ్లే వంతులవారీగా పని కూడా చేస్తారు, ఏ వారం ఎవరికి ఏ పనో పేర్లతో జాబితా ముందే ఉంటుంది. ఆ పద్ధతికి పైసా ఖర్చు లేదు, అయిజలో కుదరకపోవడానికి కారణమూ లేదు.

రెండో చోటు డిగ్రీ కాలేజీ. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. దగ్గరలోని కాలేజీలో యూనిట్ ఉంటే ప్రోగ్రాం ఆఫీసరును నెల ముందే కలిసి, ఎంతమంది కావాలో, ఏ పనికో రాతపూర్వకంగా ఇవ్వండి. పండుగ ముందు రోజు పోతే సెలవులిచ్చి ఉంటారు.

*

ప్రశ్న: నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సాయంత్రాలు ఊరి పిల్లలకు వాలీబాల్, ఖోఖో నేర్పడానికి ఇద్దరు యువకులు స్వచ్ఛందంగా వస్తారు. ఆగస్టు వచ్చిందంటే వాళ్లూ రారు, పిల్లలూ రారు. దసరా దాకా గ్రౌండు ఖాళీ. ఇట్లాంటివాళ్లను నమ్ముకోవచ్చా?
– గట్టు మండలం

జవాబు: నమ్ముకోవచ్చు. మీ క్యాలెండరునే మార్చాలి. మీ నడిగడ్డ ప్రాంతంలో ఆగస్టు నుంచి సీడ్ పత్తి క్రాసింగ్ కాలమని నాకంటే మీకే బాగా తెలుసు. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకే దాకా ఆడ సాళ్లలో మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. మీరు శిక్షణ పెట్టుకున్న వేళలోనే పొలంలో ఆ పని ఉంటుంది. ఇంటిల్లిపాదీ అప్పు తెచ్చి వేసిన పంట అది. ఆ రోజుల్లో గ్రౌండుకు రాలేదని ఆ యువకుల మీద అలగడం న్యాయం కాదు.

ఆ నెలల్లో మైదానం పని తగ్గించండి. వారానికి ఒక రాత్రి, భోజనాలయ్యాక, బడి వరండాలో గంటసేపు నియమాల పుస్తకం చదివించండి. స్కోరు షీటు నింపడం, ఈల సంకేతాలు నేర్పండి. నెట్లు కుట్టించుకోవడం, సామాను జాబితా రాసుకోవడం అప్పుడే కానివ్వండి. అసలు శిక్షణ పంట చేతికొచ్చాక మొదలుపెట్టి ఎండలు ముదిరే దాకా నడపండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక పిల్లలను ఎండలో ఉంచకండి. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో మీ ఊరిది ఎట్లా ఉందో కూడా ఈ ఖాళీలో చూడండి. ముళ్ల చెట్లు పెరిగి ఉంటే ఒక ఆదివారం పది మంది చాలు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. యువకులు పొలం పోవడం వేరు, పిల్లలు పోవడం వేరు. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. 2016 సవరణ తర్వాత పొలం పనికి మినహాయింపు ఉన్నది సొంత కుటుంబానికి సాయం చేయడానికే, అదీ బడి వేళలు కాని సమయంలో మాత్రమే. పొద్దున బడికీ సాయంత్రం ఆటకూ రాని పిల్ల కూలికి పోతోందని అందరికంటే ముందు కనిపెట్టేది మీరూ, మీ ఇద్దరు కోచ్‌లూ. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడండి. వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పంట కాలం కదా అని ఈ విషయంలో సర్దుకుపోకండి.

*

ప్రశ్న: రెండేండ్లుగా మా ఊరి క్రికెట్ టోర్నమెంటుకు పనిచేస్తున్న. నీళ్ల డ్రమ్ములు మోసిన, పిచ్‌కు నీళ్లు కొట్టిన, రాత్రి మ్యాట్ కాడ పండుకున్న. ఫ్లెక్సీ మీద మాత్రం పైసలిచ్చినోళ్ల ఫొటోలు, లీడర్ల ఫొటోలే. మా పేర్లు ఎక్కడా లేవు. ఈసారి పోవాల్నా వద్దా?
– ఒక పాఠకుడు, ఇటిక్యాల

జవాబు: మీ బాధ న్యాయమైనది. పోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ పోకముందు ఒకసారి కమిటీ ముందు కూర్చుని ఈ మాట చెప్పండి. చాలా కమిటీలకు ఈ ఆలోచనే తట్టదు, చెబితే సిగ్గుపడి మారతాయి.

కమిటీల వాళ్లకు నేను చెప్పేదీ ఉంది. చందా ఇచ్చిన పెద్దమనిషి ఫొటో వేయండి, తప్పులేదు. ఆ ఫ్లెక్సీ కిందనే పనిచేసేవాళ్ల పేర్లు, ఎవరిది ఏ పనో వరుసగా వేయండి. అదనపు ఖర్చు ఏమీ ఉండదు. ఫైనల్ రోజు శాలువాలు కప్పేటప్పుడు పిచ్ తయారుచేసినవాణ్ణి ముందు పిలవండి. ఆటగాళ్లకు భోజనం పెట్టి వాలంటీర్లను ఇంటికి పోయి తినమనడం మన దగ్గర చాలాచోట్ల ఉంది, అది మానాలి. బండి మీద గద్వాలకు పోయి ట్రోఫీలు తెచ్చినవాడికి పెట్రోలు డబ్బులు అడగకముందే ఇవ్వాలి. ఉచితంగా పనిచేసేవాడు సమయం ఇస్తాడు, జేబు కూడా ఖాళీ చేసుకోమనడం అన్యాయం.

లెక్క కూడా అంతే. వసూలైంది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎవరి దగ్గరుంది అనే కాగితం టోర్నమెంటు అయిన వారంలో గ్రామ పంచాయతీ గోడ మీద అంటించండి. లెక్క చెప్పని కమిటీకి వాలంటీర్లు రెండో ఏడు దొరకరు. వాలంటీర్లు దూరం కావడానికి దీన్ని మించిన కారణం నాకు కనపడలేదు.

*

ప్రశ్న: మేము కొంతమంది తల్లులం కలిసి ఆడపిల్లల ఖోఖో బృందం నడుపుతున్నాం. సాయం చేస్తానని వచ్చిన ఒకబ్బాయి బాగా నేర్పుతాడు. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడని తెలిసింది. అతను లేకపోతే బృందం ఆగిపోతుంది. మందలించి ఊరుకోవచ్చా?
– వనపర్తి

జవాబు: ఊరుకోకూడదమ్మా. ఇవాళే అతన్ని గ్రౌండుకు రావద్దని చెప్పండి. బృందం ఆగితే ఆగుతుంది, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

మెసేజ్‌లు చెరిపేయకుండా దాచండి. పిల్లతో ఆమెకు నమ్మకమున్న ఒక్కరే నెమ్మదిగా మాట్లాడండి, తప్పు ఆమెది కాదని మొదటే చెప్పండి, తల్లిదండ్రులకు తెలపండి. ఆ మెసేజ్‌లలో లైంగికమైన మాటలు గానీ ఫొటోలు అడగడం గానీ ఉంటే అది 2012 పోక్సో చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అదీ నేరమే. ‘ఊరి పరువు’ అని ఆపేవాళ్లు ఉంటారు, వినకండి. షీ టీమ్‌కు చెప్పవచ్చు, 1098కి చెప్పవచ్చు, నేరుగా స్టేషనుకు పోవచ్చు.

ఇకముందు ఎవరు వచ్చినా చేర్చుకునేముందు ఇంతకుముందు పనిచేసిన చోట ఇద్దరిని అడగండి. పిల్లలతో పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. సమాచారమంతా తల్లులున్న గ్రూపులోనే పెట్టాలి, పిల్లలకు విడిగా మెసేజ్ పెట్టకూడదు. పోటీలకు పోయేటప్పుడు ఒంటరిగా బండెక్కించుకుని పోకూడదు. ఈ నియమాలు కాగితం మీద రాసి, వచ్చిన ప్రతివారి చేత సంతకం పెట్టించండి. మంచివాళ్లు నొచ్చుకుంటారని భయపడకండి. నిజంగా పిల్లల మేలు కోరి వచ్చినవారు సంతకం పెట్టడానికి వెనకాడరు.

*

ప్రశ్న: అయిజలో పుట్టి పెరిగాను, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాను. మా ఊరి క్లబ్బుకు డబ్బు పంపాలని ఉంది. ఎట్లా పంపాలి?
– డాలస్

జవాబు: మీ దగ్గర భారత పాస్‌పోర్టు ఉంటే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపవచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ లేని క్లబ్బు మీ డబ్బు తీసుకోకూడదు. అన్న ఖాతాలో వేసి క్లబ్బుకు మళ్లించడం లాంటివి చేయకండి, చిక్కుల్లో పడేది ఊళ్లో ఉన్న పిల్లలే. ఎటు చూసినా ముందు క్లబ్బును 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించమనండి, ఏడుగురు సభ్యులుంటే చాలు.

డబ్బుకంటే అవసరమైనది ఒకటి మీరు పంపగలరు. 1939లో పెన్సిల్వేనియాలో పుట్టిన లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఇప్పటికీ తల్లిదండ్రుల స్వచ్ఛంద సేవ మీదే నడుస్తోంది. మీ పిల్లల ఆటల్లో మీరూ ఏదో ఒక డ్యూటీకి పేరు రాసే ఉంటారు. సీజను మొత్తానికి ఎవరు ఏ పని అని ముందే నింపే ఆ పట్టికను తెలుగులో రాసి అయిజ పిల్లలకు పంపండి. ఫోన్లో అరగంట కూర్చుని వివరించండి.

*

ప్రశ్న: మా చిన్నాయన వరసయ్యే పెద్దాయన ఒకప్పుడు మంచి కబడ్డీ ఆటగాడు. ఏండ్లుగా స్కోరు ఆయనే రాస్తడు. ఇప్పుడు చూపు ఆనక తప్పులు పోతున్నయి. వద్దని ఎట్లా చెప్పేది?
– నాగర్‌కర్నూల్

జవాబు: వద్దని చెప్పకండి. ‘చిన్నాయనా, ఈ పిల్లకు స్కోరు రాసుడు నేర్పు’ అని ఇంటర్ చదివే అమ్మాయినో అబ్బాయినో ఆయన పక్కన కూర్చోబెట్టండి. కలం పిల్ల చేతిలో ఉంటుంది, పెద్దరికం ఆయనకే ఉంటుంది. ఫిర్యాదులొస్తే తేల్చే కమిటీలో ఆయనకు కుర్చీ వేయండి. పాత ఆటగాడి మాటకు జట్లు తల వంచుతాయి, యువకుల మాటకు వంచవు.

ఇట్లాంటి చిన్నాయనలు ప్రతి ఊళ్లో ఉన్నారు. మోకాళ్లు అరిగి ఆట మానేశారు, నియమాలు మాత్రం నోటికి వచ్చు. వాళ్లను ఎవరూ అడగడం లేదు. అలాంటివారు ఈ శీర్షిక చదువుతుంటే, ఎవరో పిలిచేదాకా ఆగకండి. మీ ఊరి క్లబ్బు కార్యదర్శికి ఈ వారమే ఫోన్ చేసి, సంక్రాంతికి స్కోరరు కావాలా అని మీరే అడగండి.