పొడుం డబ్బాలో మారిపోయే వాసనలు

ముక్కుపొడుం పట్టే పెద్దవాళ్ళున్న ఇంట్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఈసారి సరుకు బాగాలేదురా, కొట్టువాడు మార్చేశాడు." చాలాసార్లు తప్పు కొట్టువాడిది కాదు, ఇంట్లో డబ్బాది. పొడుంలో ఉండేది ఒక్క వాసన కాదు. పొగాకు, సున్నం, నెయ్యి, పైన చిలకరించిన అత్తరో మెంతాలో, ఇవన్నీ కలిసే ఉన్నా తలా ఒక దారిన పోతాయి. ఏది ముందు పోతుందో తెలిస్తే సగం పేచీ తీరుతుంది.

1. ముందు ఏ రకమో చూసుకోండి. మన దక్షిణాది పాతకాలపు పొడుం అంటే పొగాకును వేయించి, మెత్తగా నూరి, సున్నం, నెయ్యి కలిపింది. ఇంగ్లండులో కెండల్, షెఫీల్డు ఊళ్ళ పొడుముల్లో చాలావాటికి కాస్త చెమ్మ ఉంటుంది. గులాబీ, బెర్గమోట్ లాంటి పరిమళాలు కలుపుతారు. ఐర్లండు 'హై టోస్ట్' మాత్రం గలగలలాడే పొడి. చెమ్మ రకానికి చేసే ఉపచారం నెయ్యి రకానికి చేస్తే పాడవుతుంది.

2. ఘాటు తగ్గిందంటే ముందు సున్నాన్ని అనుమానించండి. ముక్కు అదిరేది పొగాకు ఒక్కదాని వల్ల కాదు. సున్నం క్షారం, అది తగిలినప్పుడు నికోటిన్ ఆవిరయ్యే రూపంలోకి వస్తుంది, అమ్మోనియా కూడా విడుదలవుతుంది. కొత్త డబ్బా మూత తియ్యగానే కళ్ళు చెమర్చేది అందుకే. మూత సరిగా పెట్టకపోతే అమ్మోనియా వెళ్ళిపోతుంది. అది చాలదన్నట్టు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు చెమ్మతో కలిసి సున్నాన్ని మెల్లగా సుద్దగా మార్చేస్తుంది. సుద్దకు ఆ చురుకు ఎక్కడిది? రంగు మారదు, పొగాకు వాసన ఉంటుంది, పీలిస్తే మాత్రం చప్పగా ఉంటుంది. పెద్దాయన "వట్టి దుమ్ము" అని విసుక్కునేది ఈ దశలోనే. అలాగని ఇంట్లో తాంబూలం సున్నం తెచ్చి కలపకండి. కొలత తప్పితే ముక్కు లోపలి పొర కాలుతుంది.

3. నెయ్యి వేసిన పొడుం ఎండకూ వేడికీ తట్టుకోదు. కొత్తలో కమ్మగా ఉన్న వాసన, గాలి తగిలే కొద్దీ చేదెక్కి పాత నెయ్యి కంపు కొడుతుంది. పొయ్యి పక్క గూట్లో, కిటికీ అంచున, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఒకసారి కంపు పట్టాక బాగుచేసే ఉపాయం లేదు. ఎండబెడితే ఇంకా పాడవుతుంది.

4. డబ్బా లోహం చూడండి. ఇత్తడి డబ్బా చేతిలో అందంగానే ఉంటుంది. అమ్మోనియాకు మాత్రం లోపల పచ్చని చిలుము పడుతుంది. తడి తగిలిన సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది. రేకు డబ్బా చెమ్మకు తుప్పు పట్టి, ఆ ఇనుప వాసనంతా పొడుంలోకి దింపుతుంది. ఐరోపాలో వెండి పొడుం డబ్బాలకు లోపల బంగారు పూత వేయించుకున్నది డాబు కోసమే కాదు, ఈ బాధ తప్పించుకోవడానికి కూడా. మనకు అంత ఖర్చెందుకు? బిగుతు మూత ఉన్న ముదురు రంగు గాజుసీసా చాలు.

5. నిల్వ సీసా వేరు, జేబు డబ్బా వేరు. రోజుకు పదిసార్లు తెరిచేది చిన్నదిగా ఉండాలి. అందులో రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే నింపండి. పెద్ద సీసాలో సగం ఖాళీ అయితే, మిగిలింది చిన్న సీసాలోకి మార్చండి. ఖాళీ అంటే గాలే.

6. మెంతాల్ రకాన్ని వేరే అలమరలో పెట్టండి. మెంతాల్ గట్టి పదార్థంగా ఉంటూనే నేరుగా ఆవిరవుతుంది, పలుచటి ప్లాస్టిక్‌ను దాటి పక్క డబ్బాకు అంటుకుంటుంది. గులాబీ పొడుం అమృతాంజనంలా వాసన వేస్తే కారణం ఇదే. కాఫీపొడి, పోపుల డబ్బా దగ్గర కూడా వద్దు.

7. చెమ్మ రకం ఎండిపోతే అది ముక్కులో నిలవదు, నేరుగా గొంతులోకి పోయి దగ్గు తెప్పిస్తుంది. నీళ్ళు చిలకరిస్తే గడ్డకడుతుంది. తడిపి గట్టిగా పిండిన చిన్న గుడ్డముక్కను పొడుంకు తగలకుండా సీసా మూత కింద ఒక రాత్రి ఉంచి తీసేయండి. చెమ్మ తిరిగొస్తుంది కానీ ఎగిరిపోయిన అత్తరు రాదు. నెయ్యి రకానికి ఈ పని చెయ్యకండి.

8. వానాకాలంలో కొట్టువాడు కాగితంలోనో ఎండు అరటిపట్టలోనో కట్టి ఇచ్చింది అలాగే ఉంచకండి, ఆ పూటే సీసాలోకి మార్చండి.

9. పాతదాన్ని కొత్తదాంట్లో కలిపి 'సర్దడం' మన ఇళ్ళలో మామూలే. మానుకోవాల్సిన అలవాటు. పాత నెయ్యి కంపు కొత్తదాన్నీ పాడుచేస్తుంది. బూజు కనబడితే జల్లించకండి, మొత్తం పారేయండి.

10. పాతబడేది వాసన ఒక్కటే కాదు. చెమ్మగా ఉన్న పొగాకు వెచ్చని చోట నిల్వ ఉంటే అందులో క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు పెరుగుతాయి. కొత్త పొడుంలోనూ అవి లేకపోలేదు. ఎంత బాగా దాచినా పొడుం ఆరోగ్యకరం కాదు. పొగలేని పొగాకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. కాబట్టి చౌకగా వచ్చిందని ఏడాదికి సరిపడా కొనకండి. తక్కువ కొంటే రుచీ నిలుస్తుంది, పట్టేదీ తగ్గుతుంది.

11. సీసా మీద పేరు, కొన్న తేదీ రాసి పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. నికోటిన్ పిల్లలకు విషం. పంటినొప్పికి చిగుళ్ళ మీద పొడుం రుద్దే పాత వైద్యం పెద్దలకూ వద్దు. 2003 నాటి పొగాకు చట్టంలో ముక్కుపొడుం కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మడం నేరం. తాతగారి పొడుం కోసం మనవణ్ణి కొట్టుకు పంపకండి.