కాలి కింద ఏముందో చూశారా?

మనకి మంచు అంటే ఒక్కటే మాట. ధనుర్మాసంలో ముగ్గు పెడుతుంటే వీధంతా కమ్మేసేదీ మంచే. గడ్డిపరక మీద బొట్టుగా నిలిచేదీ మంచే. కశ్మీర్‌లో కురిసేదీ, ఫ్రీజర్ గోడలకు పేరుకునేదీ మంచే.

స్కాట్లాండ్‌లో శీతాకాలం కొండలెక్కించే గైడ్‌కి ఈ ఒక్క మాటతో గడవదు.

అక్కడి కొండలు హిమాలయాల ముందు చిన్నవే. అన్నిటికన్నా ఎత్తైన బెన్ నెవిస్ 1,345 మీటర్లు. కానీ పక్కనే అట్లాంటిక్ సముద్రం. పొద్దున మంచు కురుస్తుంది. మధ్యాహ్నానికి వాన. రాత్రికి ఆ తడంతా గడ్డకట్టి గాజుపలక అయిపోతుంది. కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద 1986 మార్చి 20న గాలి గంటకు 278 కిలోమీటర్ల వేగం అందుకుంది. నిన్న మోకాలిదాకా దిగబడిన చోట ఇవాళ కాలు నిలవదు.

మన భువనగిరి కొండనే తీసుకోండి. ఆ రాయి నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. అక్కడ తొలి పాఠాలు నేర్చుకున్న మలావత్ పూర్ణ కూడా 2014లో ఎవరెస్ట్ ఎక్కే ముందు డార్జిలింగ్, లడఖ్ వెళ్లి మంచు మీద విడిగా సాధన చేయాల్సి వచ్చింది. రాయి ఒకసారి నేర్చుకుంటే వస్తుంది. మంచుని రోజూ కొత్తగా చదవాలి.

మీ కెరీర్ రాయా, మంచా? మీ ఆరోగ్యం? మీ బిజినెస్? జవాబు మీకు తెలుసు. అందుకే ఈ గైడ్‌ల అలవాట్లు మీకు కావాలి. వాటిలో ప్రతి ఒక్కటీ మీరు నేర్చుకోగలరు.

పేరు పెట్టండి

గైడ్ మొదట చేసే పని, కాలి కింద ఉన్నదానికి సరైన పేరు పెట్టడం.

- విండ్‌స్లాబ్: గాలి మోసుకొచ్చి, తనకి చాటుగా ఉన్న వాలు మీద పలకలా పేర్చిన మంచు. బూటు వేస్తే కిర్రుమంటుంది. అడుగు దగ్గర్నుంచి పగుళ్లు పాకాయంటే వెంటనే వెనక్కి రావాలి.
- నేవే: కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగి, మళ్లీ గడ్డకట్టి గట్టిపడిన మంచు. ఐస్ యాక్స్ ఠక్కున దిగి నిలబడుతుంది. ఎక్కేవాళ్లకి పండగ.
- వెర్‌గ్లా: రాయి మీద పల్చటి గాజుపొర. బూటుకి కట్టుకునే క్రాంపాన్ ముల్లు దిగేంత మందం కూడా ఉండదు.
- గ్రాపెల్: అచ్చం సగ్గుబియ్యంలా ఉండే మంచు గుళ్లు. దాని మీద కొత్త మంచు పేరుకుంటే గోళీల మీద బండ పెట్టినట్టే.

మన మాటలో నాలుగూ మంచే. చేయాల్సిన పని మాత్రం నాలుగు రకాలు.

ఇప్పుడు మీ సంగతి. "ఏంటలా ఉన్నావ్?" అంటే మీరేమంటారు? "టెన్షన్." ఈ ఒక్క మాటని మనం ఎన్నిటికి వాడుతున్నామో చూడండి. డబ్బు చాలకపోయినా టెన్షనే. నిద్ర లేకపోయినా టెన్షనే. బాస్‌తో చెప్పాల్సిన మాట నెలరోజులుగా గొంతులో ఆగిపోయినా టెన్షనే. నిద్ర చాలనివాడికి కావాల్సింది పక్క. డబ్బు చాలనివాడికి కావాల్సింది బడ్జెట్. మాట ఆగిపోయినవాడికి పది నిమిషాల మీటింగ్ చాలు. పేరు తప్పితే మందూ తప్పుతుంది.

ఇవాళ్టి నుంచి "టెన్షన్" అనే మాట మానేయండి. దాని బదులు ఒక పూర్తి వాక్యం చెప్పండి. "ఎల్లుండి ప్రెజెంటేషన్‌లో మూడో స్లైడ్ నాకే అర్థం కాలేదు." చూశారా? సగం పని అప్పుడే అయిపోయింది.

కంచె గుంజ చెప్పిన మాట

నాలుగేళ్ల కిందట ఫిబ్రవరిలో, మా అమ్మాయి ఎడిన్‌బరోలో చదువుతుండగా, కెయిర్న్‌గార్మ్స్‌లో ఒక గైడ్‌తో రెండు రోజులు గడిపాను. ఉత్తరం వైపున్న ఒక లోయ గుండా వాలెక్కి పైకి చేరాలన్నది ప్లాన్. నెల రోజులుగా దాని ఫొటోలే చూస్తున్నాను.

రెండో రోజు పొద్దున్నే కార్ పార్క్‌లో దిగాం. గైడ్ కొండవైపు చూడలేదు. కంచె గుంజ దగ్గరికి నడిచింది. గుంజకి ఒక పక్క మాత్రమే తెల్లటి ఈకల్లాంటి మంచు, వేలెడు పొడవున పెరిగి ఉంది. దాన్ని రైమ్ అంటారట. మంచుముక్కని తీసి నా చేతిలో పెట్టింది. పక్షి రెక్కలోంచి రాలినట్టే ఉంది.

"ఇది గాలికి ఎదురుగా పెరుగుతుంది. ఈకల కొనలు ఎటు చూస్తున్నాయి?"

నైరుతికి.

"అంటే రాత్రంతా గాలి అటునుంచే వీచింది. కొండమీది మంచుని ఊడ్చి ఎక్కడ పోసి ఉంటుంది?"

ఉత్తరం, ఈశాన్యం వైపు వాలుల మీద. అంటే సరిగ్గా మేం ఎక్కాలనుకున్న చోట.

కొత్తగా ఒక్క రేకు కూడా కురవలేదు. ఆకాశం తేటగా ఉంది. అయినా విండ్‌స్లాబ్ తయారైపోయింది. గాలి ఊడ్చేసిన పక్క రిడ్జ్, అంటే కొండ వెన్ను మీదుగా వెళ్దాం అందావిడ. నేను మాత్రం పట్టు వదల్లేదు. "ఇంత దూరం వచ్చాం కదా!" అన్నాను.

"మీరెంత దూరం వచ్చారో మంచుకి తెలీదు" అంది. గొంతు పెంచలేదు, నవ్వలేదు. తాడు భుజాన వేసుకుని రిడ్జ్ వైపు నడిచింది.

ఆ మాట నా జీవితంలో చాలా నిర్ణయాలు మార్చింది. మీరు కూడా ఒక్కసారి వెనక్కి చూసుకోండి. ఇన్నేళ్లు చదివాను కదా. ఇంత అడ్వాన్స్ ఇచ్చాను కదా. ఇందరికి చెప్పాను కదా. ఖర్చయిన కాలం, డబ్బు నిన్నటివి. ఎక్కాల్సిన వాలు మాత్రం ఇవాళ్టిది. దాన్ని ఇవాళ్టి కళ్లతోనే చూడండి.

ఒక నిర్ణయం, మూడు చోట్ల

స్విస్ గైడ్ వెర్నర్ ముంటర్ ఒక పద్ధతి తయారుచేశారు. పేరు 3×3. నాకు తెలిసిన ప్లానింగ్ పద్ధతుల్లో ఇంత ప్రాక్టికల్‌గా ఉన్నది మరొకటి లేదు.

చూడాల్సినవి మూడు: వాతావరణం, మంచు పరిస్థితి ఒకటి. నేల తీరు రెండోది. మీతో వచ్చే మనుషులు మూడోది. చూడాల్సిన చోట్లు కూడా మూడే.

మొదటిసారి ఇంట్లో. స్కాటిష్ అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సీజన్‌లో రోజూ ఆరు ప్రాంతాలకు మర్నాటి సూచన ఇస్తుంది. ఏ దిక్కు వాలు, ఎంత ఎత్తున, ఎంత ప్రమాదమో అందులో ఉంటుంది. గైడ్ దాన్ని ముందురోజు సాయంత్రమే చదివి రెండు ప్లాన్లు వేసుకుంటుంది. ఎన్నింటికి వెనక్కి తిరగాలో కూడా అప్పుడే రాసుకుంటుంది. డిసెంబర్‌లో అక్కడ పగలు దాదాపు ఏడు గంటలే మరి.

రెండోసారి కొండ మొదట్లో. రిపోర్ట్ చెప్పింది, కంటికి కనిపిస్తున్నది ఒకటేనా? నిన్న హుషారుగా ఉన్న క్లయింట్ ఇవాళ సరిగా తిన్నాడా?

మూడోసారి వాలు అంచున. ఇక్కడ కాలు పెట్టాలా, వద్దా?

మనమేం చేస్తాం? మొదటిసారి ఆలోచించి, మిగతా రెండిటినీ వదిలేస్తాం. జనవరి 1న పెట్టుకున్న గోల్‌ని డిసెంబర్ దాకా మళ్లీ తిప్పి చూడం. లేదా అసలు ఇంట్లో ఏదీ అనుకోకుండా నేరుగా వాలు అంచున నిలబడి, అలసటలో, ఆకలిలో, నలుగురి ముందు డిసైడ్ చేస్తాం. కష్టమైన గీతలు వెచ్చటి గదిలో, కడుపు నిండి ఉన్నప్పుడు గీసుకోండి. షేర్ ఏ ధరకి పడితే అమ్మాలి, కొత్త షాపుని ఎన్నాళ్లు నష్టంలో నడపాలి, రాత్రి ఎన్నింటికి లాప్‌టాప్ మూయాలి. ముందే రాసిపెట్టుకుంటే ఆ క్షణంలో మీ మనసుతో మీరు బేరమాడాల్సిన పని ఉండదు.

"సారే చెప్పారుగా"

ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 మంచు చరియల ప్రమాదాలను పరిశీలించారు. ప్రమాద సంకేతాలు కళ్లముందే ఉన్నా మనుషులు ఎందుకు ముందుకెళ్లారన్నది ఆయన ప్రశ్న. మనసు వేసే కొన్ని ఉచ్చులను ఆయన గుర్తించారు. తెలిసిన దారే కదా. మొదలుపెట్టాం కదా. అందరూ వెళ్తున్నారు కదా. ఈ ఛాన్స్ మళ్లీ రాదు కదా. ఇంకొకటి, నా దృష్టిలో మనవాళ్లకి అన్నిటికన్నా ప్రమాదకరమైనది: పెద్దాయన ముందున్నాడు కదా.

పెద్దల ముందు నోరెత్తకపోవడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. గౌరవం మంచిదే. కానీ తాడుకి కట్టుకుని వెళ్తున్నప్పుడు, చివర ఉన్నవాడికి కనిపించిన పగులు ముందున్నవాడికి కనిపించకపోవచ్చు. అందుకే మంచి గైడ్ తనే అడుగుతుంది, "మీలో ఎవరికైనా ఏదైనా తేడాగా అనిపిస్తోందా?" అని. అడగడమే కాదు, జవాబు వచ్చేదాకా ఆగుతుంది.

మీరు టీమ్ లీడ్ అయితే ఈ వారం మీటింగ్‌లో అందరికన్నా జూనియర్‌ని ముందు మాట్లాడించండి. మీరు చివర మాట్లాడండి. మీరే ఆ జూనియర్ అయితే మర్యాదగానే అడగండి: "సార్, ఒక్క డౌట్." గౌరవం ఎక్కడికీ పోదు.

ముందు పడటం నేర్చుకోండి

మొదటి రోజు ఆవిడ మాకు ఎక్కడం నేర్పలేదు. పడటం నేర్పింది. కింద రాళ్లు లేని, మెల్లగా చదునైపోయే వాలు ఎంచుకుంది. క్రాంపాన్లు విప్పించింది, జారేటప్పుడు ముళ్లు తగులుకుంటే కాలు విరుగుతుంది కాబట్టి. ఇక జారడమే. బోర్లా, వెల్లకిలా, కాళ్లు ముందుగా, తల ముందుగా. ప్రతిసారీ ఛాతీ కింద ఐస్ యాక్స్ నొక్కిపెట్టి ఆగాలి. గట్టి మంచు మీద వేగం అందుకున్నాక ఆపడం ఎవరి తరమూ కాదు. మొదటి ఒకట్రెండు క్షణాల్లోనే చేతులు వాటంతటవే కదలాలి. మధ్యాహ్నానికి నా మోచేతులు కమిలిపోయాయి. భయం కూడా పోయింది.

మీరు ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నారా? అక్కడ పడటమంటే జవాబు తెలియకపోవడం. "సారీ, ఈ జవాబు నాకు తెలీదు" అని గట్టిగా, తడబడకుండా పదిసార్లు చెప్పి చూసుకోండి. మీ ఫ్రెండ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి కావాలనే కష్టమైన ప్రశ్నలు వేయించుకోండి.

అడుగులు లెక్కపెట్టండి

బెన్ నెవిస్ పైన తెల్లటి మబ్బు కమ్మితే నేలకీ ఆకాశానికీ తేడా తెలీదు. ముందు వేసిన అడుగు పైకి పోతోందో కిందికి పోతోందో కాలికే అర్థం కాదు. దిగేటప్పుడు కుడివైపు ఉత్తరముఖపు ప్రపాతం. దాని అంచున గాలిలోకి చూరులా పెరిగిన మంచు, కార్నిస్. నేలే అనుకుని కాలు పెడితే కింద ఏమీ ఉండదు. ఎడమవైపు ఫైవ్ ఫింగర్ గల్లీ అనే నిటారు చీలిక. క్షేమంగా దిగడానికి అందరూ వాడే లెక్క ఒకటుంది. శిఖరం మీది రాతి స్తంభం దగ్గర్నుంచి 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు. ఆ తర్వాత 282 డిగ్రీలకి తిరగాలి.

150 మీటర్లు కొలిచేదెలా? అడుగులు లెక్కపెడతారు. తన వంద మీటర్లకి ఎన్ని అడుగులో గైడ్‌కి ముందే తెలుసు. చదునులో ఎన్ని, మెత్తటి మంచులో ఎన్ని, ఎదురుగాలిలో ఎన్ని. ఎవరితోనూ మాట్లాడదు. లెక్క తప్పకూడదు.

మీ జీవితంలోనూ ఏమీ కనిపించని రోజులు వస్తాయి. ఉద్యోగం పోయిన నెల. రిజల్ట్ రాని ఆర్నెల్లు. అప్పుడు ఐదేళ్ల విజన్ గురించి ఆలోచించకండి. దిశ ఒకటి పెట్టుకోండి, తర్వాతి 150 మీటర్లు మాత్రం లెక్కపెట్టండి. రోజుకి రెండు అప్లికేషన్లు. రోజుకి నలభై నిమిషాల నడక. మీ అడుగు కొలత మీకు తెలియాలంటే మాత్రం మబ్బు లేని రోజుల్లోనే కొలిచి పెట్టుకోవాలి. ఒక్క గంటలో మీరు నిజంగా ఎన్ని పేజీలు చదవగలరు? ఇవాళే కొలవండి.

మీరు మంచులోకి వెళ్తుంటే

డిసెంబర్, జనవరిలో కేదార్‌కంఠకి వెళ్లే తెలుగు యువత చాలామందే. అది సుమారు 12,500 అడుగులు. బుక్ చేసే ముందు గైడ్‌ని నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు? రెండో ప్లాన్ ఏంటి? నాకు తలనొప్పి వస్తే ఎవరు నాతో కిందికి దిగుతారు? మంచు బాలేదని చివరిసారి ఎప్పుడు వెనక్కి వచ్చారు? ఆఖరి ప్రశ్నకి "ఎప్పుడూ రాలేదు" అన్న జవాబు వస్తే ఇంకో గైడ్‌ని వెతుక్కోండి.

ఆ రోజు రిడ్జ్ దిగి కార్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఆవిడ డ్రైవింగ్ సీట్లో కూర్చుంది, తడి గ్లవ్స్ విప్పి హీటర్ మీద పెట్టింది. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. పేజీకి మూడు గడులు. పొద్దున ఏమనుకున్నాను. కొండ మీద ఏం చూశాను. ఎక్కడ తేడా వచ్చింది. వేళ్లు ఇంకా వణుకుతున్నాయి, అయినా రాసింది. ఇరవయ్యేళ్ల నోట్‌బుక్‌లు ఇంట్లో ఉన్నాయట.

మీరూ ఒక పది రూపాయల పుస్తకం కొనండి. మూడు గడులు గీయండి. మొదటిది ఈ రాత్రికే నింపండి. మిగతా రెండూ రేపు సాయంత్రం, చెప్పులు విప్పిన వెంటనే.