ఉప్పల్‌లో మ్యాచ్, మెట్రోలో మనం

ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం అమీర్‌పేటలో నాగోల్ వైపు మెట్రో ఎక్కడం ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. అందరూ "జనం ఎక్కువ" అని వదిలేస్తారు. కానీ అసలు సంగతి జనం ఎంతమంది అన్నది ఒక్కటే కాదు.

బ్లూ లైన్ రాయదుర్గం నుంచి నాగోల్ దాకా ఉంది. సాయంత్రం హైటెక్ సిటీ ఉద్యోగులు నాగోల్ వైపు ఇళ్లకు బయల్దేరతారు. రాత్రి 7:30 మ్యాచ్‌కి ఫ్యాన్స్ కూడా అదే వేళకి, అదే వైపు వెళ్తారు. అదే స్టేడియం గచ్చిబౌలి వైపు ఉండి ఉంటే, ఫ్యాన్స్ అంతా ఆ వేళకి కాస్త ఖాళీగా వెళ్లే ఎదురు రైళ్లలో వెళ్లిపోయేవాళ్లు.

స్టేడియంలో దాదాపు 39 వేల సీట్లు. అందులో పావు వంతు మెట్రోలో వస్తారనుకుందాం (ఇది నా అంచనా మాత్రమే), అంటే పదివేల మంది. మూడు బోగీల రైల్లో సుమారు వెయ్యి మంది పడతారు. ఖాళీ రైళ్లయితే పది చాలు. కానీ అవి అమీర్‌పేటకి వచ్చేసరికే నిండిపోయి ఉంటాయి కదా!

ఇక్కడే మన క్యూయింగ్ థియరీ పనికొస్తుంది. ఎం/ఎం/1 మోడల్‌లో ఒకే కౌంటర్ ఉంటుంది. దాని కెపాసిటీలో 80 శాతం మంది వస్తుంటే అక్కడ సగటున 4 మంది ఉంటారు. 90 శాతమైతే 9 మంది. 95 శాతమైతే ఏకంగా 19! రైళ్లు ఒక్కొక్కరిని కాకుండా గుంపుగా ఎక్కించుకుంటాయి కాబట్టి ఈ అంకెలు ప్లాట్‌ఫామ్‌కి అచ్చంగా సరిపోవు, కానీ పోకడ మాత్రం ఇదే. దీన్ని తిరగేసి చూడండి: 95 నుంచి 90కి తగ్గితే చాలు, క్యూ సగానికి పైగా పోతుంది. అంటే అందరూ తప్పుకోనక్కర్లేదు, కొద్దిమంది వేళ మార్చుకుంటే చాలన్నమాట.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పని ఊరంతటికీ చేశారు. ఆ 17 రోజులూ బస్సులు పెంచారు, సిటీ మధ్యలోకి సొంత కార్లు రానివ్వలేదు, ఆఫీసుల్ని ఇంటి నుంచి పని చేయించమని అడిగారు. పనిదినాల్లో పొద్దున రద్దీ వేళ వాహనాలు 22.5 శాతం తగ్గాయి.

మరి ఆ కొద్దిమంది ఎవరు? మా అమ్మ ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. డ్యూటీ ఆరింటికి అయిపోతుంది. బ్లడ్ శాంపిల్ ఇంటి నుంచి తీయలేం కదా! సెక్యూరిటీ అన్నలకీ, హౌస్‌కీపింగ్ అక్కలకీ అంతే. మ్యాచ్ రోజు వాళ్లు రెండు మూడు రైళ్లు వదిలేసి నిలబడతారు. ల్యాప్‌టాప్‌తో పని చేసేవాళ్లూ, మనలాంటి స్టూడెంట్లూ మాత్రం వేళ మార్చుకోగలరు. నేనూ సన్‌రైజర్స్ ఫ్యానే, మ్యాచ్‌కి వెళ్లొద్దనడం లేదు. గేట్లు ముందే తీస్తారు కాబట్టి, క్లాస్ అవగానే నాలుగింటికే వెళ్లిపోండి. మ్యాచ్‌కి వెళ్లనివాళ్లు ఎనిమిది దాకా లైబ్రరీలో కూర్చోండి.

మ్యాచ్ అయ్యాక లెక్క వేరు. అందరూ ఒకేసారి స్టేడియం స్టేషన్ మీద పడతారు, అప్పుడు సగటు లెక్కలేవీ నిలవవు. రిటర్న్ టికెట్ ముందే ఫోన్‌లో తీసి పెట్టుకుని, మొదటి రైలు కోసం పరుగెత్తకుండా కాసేపు ఆగి బయల్దేరండి. మ్యాచ్ రాత్రుల్లో సాధారణంగా మెట్రో వేళలు పొడిగిస్తారు, అయినా ఆ రోజు చివరి రైలు ఎన్నింటికో మాత్రం ముందే చూసుకోండి.