వాడి పేరు సరిగ్గా రాయించు

తెనాలి

చి.సౌ. లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిందమ్మా. అందులో సగం మీ అత్తగారి మాటలే. వైకల్యం సర్టిఫికెట్టు కోసం సదరం క్యాంపుకి తీసుకెళితే పిల్లాడికి వికలాంగుడని ముద్ర పడిపోతుందని ఆవిడ బెంగ. నువ్వూ అటే మొగ్గుతున్నట్టున్నావు. పైగా పింఛన్లు ఏరేస్తున్నారని ఎవరో చెప్పారన్నావు. 2025లో చాలామందికి మళ్ళీ పరీక్షలు పెట్టి నోటీసులిచ్చిన మాట నిజమే, అప్పీలు చేసుకోమని కూడా చెప్పారు. దానికి దడిసి అసలు అర్జీయే పెట్టకుండా కూర్చుంటే వాడికి ఒరిగేదేముంది?

మీ చిన్నత్త కాలు సంగతి నీకు తెలుసు. దాని పేరున ఆ రోజుల్లో ఒక్క కాయితమూ లేదు. లేదు కదా అని ఊరు ఊరుకుందా? దాన్ని ఏమని పిలిచేవాళ్ళో ఈ ఉత్తరంలో రాయడానికి నాకు చెయ్యి రాదు. బస్సు పాసు లేక, చార్జీకి చిల్లర లేక, ఆ ఎండలో కాలీడ్చుకుంటూ హైస్కూలుకి నడిచేది. ఇప్పుడు చట్టముంది. 2016లో వచ్చిన చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు. మనవాడి సెరిబ్రల్ పాల్సీ అందులో ఉంది. 40 శాతం, ఆ పైన ఉందని క్యాంపులో డాక్టర్ల బోర్డు రాస్తే పింఛనుకి అర్హత వస్తుంది. 2024 నుంచి నెలకి 6,000. అల్లుడుగారి జీతంలో ఆటో ఖర్చులకే ఎంత పోతోందో నువ్వే రాశావు కదా.

సచివాలయంలో కానీ మీసేవలో కానీ క్యాంపుకి స్లాటు బుక్ చేయించు. చేయించేముందు నేను చెప్పే ఒక్క మాట విను. వాడి పేరు చూసుకో. పుట్టిన సర్టిఫికెట్లో సాయిశ్రీహర్ష అని కలిపి ఉందా, విడివిడిగా ఉందా? ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఒక్క అక్షరమేనా? ఇంగ్లీషులో శ్రీహర్షకి చివర ఒక ఏ ఉందో రెండు ఉన్నాయో వేలు పెట్టి చదువు. అల్లుడుగారి పేరు కూడా అన్నిట్లో ఒకేలా ఉండాలి. నేను తాలూకా ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు మా హెడ్డు గుమాస్తా ఒకాయన, ముక్కుపొడుం డబ్బీ ఎడంచేతిలో పట్టుకుని, ప్రతి అర్జీలో పేరునీ అక్షరం అక్షరం పైకి చదివించేవాడు. ఒక ముసలమ్మకి రెండు కాయితాల్లో రెండు పేర్లుండి వితంతు పింఛను ఆగిపోయింది. ఆవిడ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, "నేనే బాబూ, రెండూ నేనే" అంటూ ఉండేది. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. కంప్యూటర్లు వచ్చాక ఇది మరీ ఎక్కువైంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు ముందుకి కదలకపోవచ్చు. తేడా ఉంటే ముందు ఆధార్ దిద్దించు, తర్వాతే స్లాటు. వాడికి అయిదేళ్ళు నిండగానే ఎటూ వేలిముద్రలివ్వాలి. ఆ వేళ కూడా పేరు మళ్ళీ చదువు.

వాడు చెంచా పిడికిట్లో బిగించి పట్టుకుని పెరుగన్నం నోటిదాకా తెచ్చుకుంటున్నాడని రాశావే, ఆ వాక్యం మీ పెద్దమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆవిడ కళ్ళొత్తుకుంది. కానీ తల్లీ, బోర్డు డాక్టరు ముందు ఆ చెంచా ఒక్కటే చెప్పి రాకు. తల్లులంతా పిల్లల్ని మెచ్చుకునే వస్తారు. చెంచా పట్టుకుంటాడు, గ్లాసు పట్టుకోలేడు. గోడ పట్టుకుని నిలబడతాడు, నాలుగడుగులు వెయ్యలేడు. రాత్రుళ్ళు కాళ్ళు బిగుసుకుపోయి ఏడుస్తాడు. ఇవన్నీ చెప్పు. స్కాన్ రిపోర్టులూ, ఫిజియోథెరపీ పుస్తకమూ తీసుకెళ్ళు. చిన్నపిల్లలకి చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, దానికి గడువుంటుంది. ఆ తేదీ కాలెండరు మీద రాసుకో.

వైద్యం సంగతి. ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు కానీ మా నోళ్ళకి ఆరోగ్యశ్రీయే. బియ్యం కార్డు ఉన్నవాళ్ళకి ఆపరేషన్లకీ, ఆసుపత్రిలో చేరే వైద్యానికీ అది అక్కరకొస్తుంది. రోజువారీ థెరపీకి దాన్ని నమ్ముకోకు. థెరపీకి నిరామయ ఉంది. నేషనల్ ట్రస్టు వాళ్ళ బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకే ఇస్తారు. ముందుగా వైద్యపరీక్షలంటూ తిప్పరు, థెరపీ ఖర్చులూ అందులోకి వస్తాయి. ఏటా రెన్యూ చేయించాలి. మీ మండలంలో భవిత కేంద్రముంటే అక్కడా అడుగు. ఈ పిల్లలకి చదువూ, ఫిజియోథెరపీ కూడా అక్కడ ఉంటాయి.

నువ్వు వేళకి తింటున్నావా? ఉత్తరంలో నీ సంగతి ఒక్క ముక్క లేదు. వాణ్ణి ఎత్తుకుని ఎత్తుకుని నడుం పట్టేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. క్యాంపుకి ఒంటరిగా వెళ్ళకు. అల్లుడుగారికి సెలవు దొరక్కపోతే నాకు కబురు చెయ్యి, పొద్దున్న బండికే బయల్దేరి వస్తాను. వాణ్ణి నేనెత్తుకుంటాను, కాయితాల సంచీ నువ్వు పట్టుకో. మీ అత్తగారితో కూడా నేనే నెమ్మదిగా మాట్లాడతాను. పిల్లాడంటే ప్రాణం కాబట్టే ఆవిడకి ఆ భయం.

బియ్యం కార్డులో వాడి పేరు ఎక్కించారో లేదో చూసి, ఏ అక్షరాలతో ఉందో అచ్చం అలాగే రాసి పంపు.

నీ పెదనాన్న