ముందు కూర్చునే తీరు, ఆ తర్వాతే సైకిలు

ఆదోని

చిరంజీవి అల్లుడికి,

ట్రయాథ్లాన్‌లో దిగాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన ఆటను మన పెద్దకడుబూరు పిల్లవాడు ఎంచుకోవడమే గొప్ప. అయితే నువ్వడిగింది సైకిలు సంగతి కాబట్టి సూటిగా దానికే వస్తాను. చేతిలో ఎనభై వేలున్నాయి, ఇంకో లక్షన్నర అప్పు తెస్తే అచ్చంగా ట్రయాథ్లాన్ కోసమే చేసిన కార్బన్ సైకిలు వస్తుంది, తేనా అని అడిగావు. తేవద్దు. ఆ ఎనభై వేలలో సగమో, సగానికి కాస్త పైనో పెట్టి వంపు హ్యాండిలున్న అల్యూమినియం రోడ్డు సైకిలు తీసుకో. మిగిలిన సొమ్ము నువ్వు దాని మీద ఎలా కూర్చుంటావన్నదానికీ, టైర్లకూ, ఈతకూ వాడు. పేదరికం చూసి సర్దుకోమని చెప్పడం లేదు. రెండున్నర లక్షలు చేతిలో ఉన్నా మొదటి సైకిలుకు ఇదే మాట చెప్పేవాణ్ణి. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

చదునైన రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయేవాడి శ్రమలో సుమారు నాలుగింట మూడు వంతులు గాలిని చీల్చడానికే పోతుంది. మిగిలింది టైరు రోడ్డు మీద దొర్లడానికి, కొంచెం చైను రాపిడికి. ఆ గాలిని ఎక్కువగా అడ్డుకునేది సైకిలు కాదు, దాని మీద కూర్చున్న మనిషి. మొత్తం గాలి నిరోధంలో డెబ్బై, ఎనభై శాతం ఒంటిదే. ఫ్రేము, చక్రాలు, కేబుళ్ళు అన్నీ కలిపితే మిగతా ఇరవై, ముప్పై శాతం. లక్షలు పోసి కొనే నాజూకు ఫ్రేము ఈ చిన్న భాగంలో కొంత తగ్గిస్తుంది. ఐదారు వేలకు దొరికే క్లిప్-ఆన్ బార్లు, అంటే హ్యాండిలుకు బిగించి మోచేతులు ఆనించి ముందుకు చాచుకునే కడ్డీలు, ఆ పెద్ద భాగాన్ని తగ్గిస్తాయి. మధ్యరకం ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి లెక్క వేసి చూశాను. బ్రేకు పట్టుల మీద చేతులు పెట్టి ముప్పై వేగంతో పోయేవాడు అదే శ్రమతో మోచేతుల మీదికి వంగితే వేగం ముప్పై రెండు దాకా వస్తుంది. 90 కిలోమీటర్లకు పది, పన్నెండు నిమిషాలు కలిసొస్తాయి. ఆ పైన ట్రయాథ్లాన్ ఫ్రేము ఇచ్చేది మూడు, నాలుగు నిమిషాలు. నువ్వు మొదట దిగబోయే స్ప్రింట్ రేసులో సైకిలు దూరం 20 కిలోమీటర్లే కాబట్టి ఆ ఫ్రేము లాభం నిమిషంలోపే. లక్షన్నర అప్పు ఆ నిమిషం కోసం.

ఇందుకు సైకిలు చరిత్రలో పేరుమోసిన సాక్ష్యం ఒకటుంది. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరు విడిగా తొక్కాలి. అమెరికన్ గ్రెగ్ లెమాండ్, ఫ్రాన్స్‌కు చెందిన లారెంట్ ఫిన్యోన్ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఫిన్యోన్ సైకిలుకు ముందూ వెనకా రెండూ పళ్ళెం చక్రాలు, చువ్వలే లేని ఖరీదైన రకం. లెమాండ్ మాత్రం అప్పటికి ఎక్కువగా ట్రయాథ్లాన్ వాళ్ళే వాడుతున్న ఇలాంటి చాపు బార్లు బిగించుకుని వచ్చాడు. ఆ పరుగులో 58 సెకన్లు తగ్గించి, మొత్తం టూర్‌ను 8 సెకన్ల తేడాతో గెలిచాడు. అంతా బార్ల పుణ్యమే అనను. ఫిన్యోన్‌కు ఆ రోజు సీటు ఒరుసుకుని లేచిన పుండు నరకం చూపించింది, తలకు హెల్మెట్టు కూడా లేదు, జుట్టు వెనక జడలా ఎగురుతోంది. అయినా ఆ ఒక్క పూటతో సైకిలు లోకమంతా ఒంటి తీరు వైపు చూపు తిప్పింది. నువ్వు కూడా అటే చూడు. పుండు సంగతీ మరిచిపోకు. కుదరని సీటు మీద ఎంత ఖరీదైన ఫ్రేమూ పని చేయదు.

అయితే ట్రయాథ్లాన్ సైకిలును ఊరికే తయారు చేశారా అని అడుగుతావు. ఊరికే చేయలేదు. 1978లో హవాయిలో తొలి ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ జరిగినప్పుడు పదిహేను మంది దిగారు, పన్నెండు మంది పూర్తి చేశారు. గెలిచిన గార్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. ఈ ఆట కోసమని ప్రత్యేకంగా చేసిన సైకిలు అప్పటికి ఇంకా పుట్టలేదు. 1989లో డాన్ ఎంఫీల్డ్ అనే అమెరికన్ తన క్వింటానా రూ కంపెనీ తరఫున సీటు గొట్టాన్ని నిటారుగా నిలిపిన సైకిలు తెచ్చాడు. రోడ్డు సైకిలులో ఆ గొట్టం 73 డిగ్రీల దగ్గర వాలి ఉంటుంది. ట్రయాథ్లాన్ సైకిలులో 76 నుంచి 78, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. దానివల్ల మనిషి పెడళ్ళ మీదికి ముందుకు జరుగుతాడు, ఎంత వంగినా తొడ వచ్చి పొట్టకు తగలదు, నడుము దగ్గర మడత విప్పారి ఉంటుంది. సైకిలు దిగి పరిగెత్తేటప్పుడు కాళ్ళు తేలిగ్గా ఉంటాయని చాలామంది చెప్పేది దీని గురించే. ఇది నిజమైన లాభం, కొట్టిపారేయను. కానీ దీనిలో చాలా భాగం రోడ్డు సైకిలు మీదే దొరుకుతుంది. సీటును దాని పట్టాల మీద రెండు, మూడు సెంటీమీటర్లు ముందుకు జరిపి, అంతకు తగ్గట్టు కొంచెం పైకి లేపు. చాలకపోతే ముందుకు వంపున్న సీటు పోస్టు వెయ్యి, అది రెండు మూడు వేలలో వస్తుంది. మరీ ముందుకు జరిపితే బరువంతా ముందు చక్రం మీద పడి సైకిలు బెదురుతుంది, అంతవరకు పోవద్దు.

నా మాటకు బలమిచ్చే ఇంకో సంగతి నియమాల్లో ఉంది. ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ నుంచి ట్రయాథ్లాన్ ఉంది. అక్కడ ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కవచ్చు. అలాంటి రేసుల్లో వంపు హ్యాండిలున్న రోడ్డు సైకిలునే రానిస్తారు, ట్రయాథ్లాన్ సైకిలును గేటు దగ్గరే ఆపేస్తారు, చాపు బార్లు కూడా విప్పేయాలి. గోవాలో 2019 నుంచి జరుగుతున్న ఐరన్‌మ్యాన్ 70.3 లాంటివి రెండో రకం. ముందువాడికి 12 మీటర్ల దూరం పాటించాలి, ఎవరి గాలి వారే చీల్చుకోవాలి. అక్కడ ట్రయాథ్లాన్ సైకిలు పనికొస్తుంది, రోడ్డు సైకిలును కూడా ఎవరూ కాదనరు. అంటే రోడ్డు సైకిలుతో రెండు తలుపులూ తెరిచి ఉంటాయి, ట్రయాథ్లాన్ సైకిలుతో ఒకటే. ఇరవై రెండేళ్ళ నువ్వు రేపు రాష్ట్రం తరఫున ఆడతావో, గోవా దూరాల వైపు పోతావో ఇవాళ నీకే తెలియదు. తెలియనప్పుడు ఒక తలుపు మూసే వస్తువు మీద అప్పు చేయడం ఎందుకు?

ఇప్పుడు మన రోడ్ల సంగతి. నువ్వు రేసు ఒక పూట చేస్తావు, ప్రాక్టీసు ఏడాదంతా పెద్దకడుబూరు చుట్టూ చేస్తావు. ట్రయాథ్లాన్ సైకిలుకు గేర్లు చాపు బార్ల కొసన ఉంటాయి, బ్రేకులు కింది హ్యాండిలు మీద ఉంటాయి. ముందుకు వంగి ఉన్నవాడి చేతికి బ్రేకు అందదు. పత్తి సీజనులో ఆదోని యార్డుకు పోయే ట్రాక్టర్లు, రంగు వేయని స్పీడు బ్రేకర్లు, ఉన్నట్టుండి రోడ్డెక్కే గొర్రెల మంద ఉన్నచోట చేతులు ఎక్కువసేపు బ్రేకుల మీదే ఉండాలి. రోడ్డు సైకిలులో బ్రేకూ గేరూ ఒకే చోట ఉంటాయి. నున్నగా, ఖాళీగా ఉన్న దారి దొరికినప్పుడు మాత్రమే వంగు. నేనంత వేగంగా తొక్కలేను, గాలి లెక్కలు నాకెందుకు అనుకోకు. ఆషాఢంలో ఎమ్మిగనూరు నుంచి ఆదోని వైపు తొక్కి చూడు, పడమటి గాలి ముఖానికే కొడుతుంది. ఇరవై వేగంతో పోతున్నా ఎదురుగాలి ఇంకో ఇరవై ఉంటే ఒంటికి తగిలేది నలభై. నెమ్మదిగా పోయేవాడికీ వంగడం అక్కరకొస్తుంది. ఆ గాలే పక్క నుంచి కొట్టినప్పుడు లోతు రిమ్ములున్న చక్రాలు సైకిలును రోడ్డు అంచుకు నెడతాయి, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకు.

మామూలు షాపులో బాగు చేయలేని వస్తువు కొనవద్దు, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. కేబుళ్ళన్నీ ఫ్రేము లోపల దాచినవి, ఆ కంపెనీ సీటు పోస్టు తప్ప ఇంకోటి పట్టనివి, బ్యాటరీతో గేరు మారేవి, ఇవన్నీ చెడితే బెంగళూరో హైదరాబాదో పోవాలి. నీకు కావలసింది గుండ్రటి 27.2 మిల్లీమీటర్ల సీటు పోస్టు, 31.8 మిల్లీమీటర్ల హ్యాండిలు, బయటకు కనిపించే కేబుళ్ళు, షిమానో క్లారిస్ ఎనిమిది గేర్ల సెట్టు. దొరికితే సోరా, తొమ్మిది గేర్లది. ఎనిమిది గేర్ల చైను చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. వెనక చక్రానికి మరతో బిగించే పాతరకం ఫ్రీవీలు కాకుండా క్యాసెట్టు ఎక్కే హబ్బు ఉండాలని షాపువాణ్ణి ప్రత్యేకంగా అడుగు. రేపు మంచి గేర్లు వేసుకోవాలంటే అదే ఆధారం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, బిల్లులో అది చూసుకో.

టైర్ల దగ్గర పిసినారితనం చేయకు. సైకిలుతో వచ్చే చవక టైర్లు మార్చి మంచి జత వేస్తే రెండిటికీ కలిపి పది, పదిహేను వాట్లు మిగలవచ్చు, దాని ధర ఆరు నుంచి పది వేలు. 28 మిల్లీమీటర్లవి తీసుకో, మన గరుకు రోడ్లకు 23 వద్దు. అయితే అవి రేసుకు. ప్రాక్టీసుకు లోపల గట్టి పట్టీ ఉన్నవే వాడు, ఎందుకంటే రోడ్డు అంచున పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు నిన్ను వదలవు. ఈ సైకిలు ట్యూబుకు సన్న వాల్వు ఉంటుంది, ఊళ్ళో పంచర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంచుకో, మీటరున్న పంపు ఇంట్లో ఉంచుకో, రెండు ట్యూబులు ఎప్పుడూ దగ్గర పెట్టుకో.

పాత కార్బన్ ట్రయాథ్లాన్ సైకిలు బెంగళూరులో లక్షకే దొరుకుతోందని మీ స్నేహితుడు అన్నాడట. పాతది కొనడం తప్పు కాదు, అల్యూమినియం రోడ్డు సైకిలైతే నేనే కొనమంటాను. కార్బన్‌తో చిక్కేమిటంటే దెబ్బ తిన్న చోటు పైకి కనిపించదు, రంగు కింద పగులు దాగి ఉంటుంది. ఇంకో చిక్కు సైజు. పాతవాటిలో నీ సైజు నీకోసం ఎదురు చూస్తూ ఉండదు, దొరికినదానికి నువ్వు ఒదగాలి. సంతలో అమ్ముడుపోని చెప్పులు చవకగా వచ్చాయని కాలు కుదించుకోలేం కదా. ఒంటి తీరే ముఖ్యమని ఇంతసేపూ చెప్పి, తీరు కుదరని సైకిలును ధర చూసి ఎలా ఒప్పుకోను? ఎలాగూ తర్వాత ట్రయాథ్లాన్ సైకిలు కొనాల్సిందేగా, రెండుసార్లు ఖర్చెందుకు అన్నది మీ స్నేహితుడి ఇంకో మాట. రెండు మూడేళ్ళు నిలకడగా తొక్కి, వంగిన తీరులో 90 కిలోమీటర్లు లేవకుండా పోగలిగినప్పుడు కొను. అప్పటికి నీ కొలతలు నీకు తెలిసి ఉంటాయి. ఆ రోజు కూడా రోడ్డు సైకిలు మూలన పడదు, ఏడాదిలో ఎక్కువ రోజులు దాని మీదే తొక్కుతావు. అలా వంగి ఉండలేనివాడు ఖరీదైన సైకిలు మీద కూడా లేచి కూర్చుంటాడు, అప్పుడు దాని లాభమంతా గాలికి పోతుంది.

మరి ఇంట్లో ఉన్న హీరో సైకిలు చాలదా అని మా అక్క అంటోందట. మొదటి స్ప్రింటుకు దాన్ని తీసుకుపోయినా సిగ్గుపడాల్సింది లేదు. బ్రేకులు సరిగా పని చేస్తే, హ్యాండిలు కొసలకు మూతలుంటే, తలకు హెల్మెట్టుంటే నిర్వాహకులు సాధారణంగా రానిస్తారు. దాని లోపం బరువు కాదు. చదును రోడ్డు మీద నాలుగైదు కిలోలు పెద్ద తేడా చేయవు. వంగనివ్వదు, గేర్లు లేవు, అదే దాని లోపం. ఎదురుగాలిలో ఒకే గేరుతో రెండు గంటలు తొక్కితే మోకాళ్ళు నొచ్చుకుంటాయి. అక్కకు ఇంతవరకు చెప్పు.

మిగిలిన డబ్బు గురించి. నికరమైన హెల్మెట్టుకు మూడు వేలు, బార్లకు ఐదారు, పెడళ్ళకూ బూట్లకూ ఏడెనిమిది, కొలతలు చూసి సైకిలును ఒంటికి సరిచేసేవారికి నాలుగైదు. ఆ మీదట ఉన్నదంతా ఈత నేర్పేవాడికి ఇవ్వు. గోవాలో 1.9 కిలోమీటర్ల ఈతకు 70 నిమిషాల గడువు. అది దాటితే సైకిలును ముట్టుకోనివ్వరు. రెండు లక్షల ముప్పై వేల సైకిలు స్టాండులో అలాగే నిలబడి ఉంటుంది, నువ్వు ఒడ్డున కూర్చుంటావు. తుంగభద్ర దిగువ కాలువలో ఈత ప్రాక్టీసు మాత్రం చేయవద్దు. నీళ్ళు వదిలినప్పుడు ఆ వడికి ఎంతటివాడూ ఆగలేడు, సిమెంటు గట్లు పట్టుకోవడానికి చోటివ్వవు. కొలనులోనే నేర్చుకో.

కొనే ముందు ఒక పని చెయ్యి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక లావు పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి గట్టిగా పట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలిపించు. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఇది లెమాండ్ పేరు మీద వాడుకలో ఉన్న లెక్కే. నీది 82 సెంటీమీటర్లైతే సుమారు 72.4 అవుతుంది. సీటు ముందుకు జరిపినప్పుడు దాన్ని కాస్త సవరించుకోవాలి. ఆ కొలతా, నీ ఎత్తూ, చేతి పొడవూ మూడూ రాసి పంపు. ఏ సైజు ఫ్రేము అడగాలో వెంటనే జవాబు రాస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు, అప్పు పత్రం మీద సంతకం పెట్టకు.

మీ మామ