నియోపోలిస్ నుంచి విజయపురికి: పిల్లలతో ఒక రోజు పాఠం



కోకాపేట పిల్లలు స్కూల్ బస్సు కిటికీలోంచి రోజూ చదివే గ్రీకు మాట ఒకటుంది: నియోపోలిస్. గ్రీకులో 'నియోస్' అంటే కొత్త, 'పోలిస్' అంటే నగరం. మన 'పురం', 'పురి' కూడా 'పోలిస్'తో చుట్టరికం ఉన్న మాటలేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కొత్త నగరం ఎలాగూ కళ్ల ముందే ఉంది. ఈ నెల పిల్లల్ని ఒక పాత నగరానికి తీసుకెళ్లమని మా సాంఘిక శాస్త్ర విభాగం కోరుతోంది.

ప్రాచీన నగరం అనగానే పిల్లలకు ఏథెన్స్ గుర్తొస్తుంది. మెట్ల వరుసల రంగస్థలం, విరిగిన స్తంభాలు, వాటి మధ్య గైడ్ వెనకాల నడక. వేసవిలో అక్కడికి వెళ్లే కుటుంబాలు మనలో ఉన్నాయి, సంతోషం. అయితే మనకు కారులో మూడున్నర గంటల దూరంలో కృష్ణా లోయలో అలాంటి నగరం ఒకటి వెలిసింది. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులకు రాజధాని అయిన విజయపురి. మనం నాగార్జునకొండ అంటున్నది దాన్నే. అక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణితో పాటు యవన దేశం పేరు కూడా ఉంది. యవనులంటే మనవాళ్లు గ్రీకులకు పెట్టిన పేరు.

ఒక్క చిక్కుంది. ఆ నగరం ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఈ సంగతి పిల్లలకు బయల్దేరే ముందు రాత్రే చెప్పండి. లేకపోతే రోజంతా ఫొటోలు దిగి, అసలు విషయం తెలియకుండానే తిరిగొస్తారు.

కథ క్లుప్తంగా ఇదీ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు అక్కడొక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. (ఒక ఉపాధ్యాయుడి చూపు వల్ల చరిత్ర బయటపడిందని చెప్పుకోవడం మాకు కాస్త గర్వంగానే ఉంటుంది.) 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆ తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్ణయం జరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోపు లోయను చదివేయాలి. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, కొలిచి, ఫొటోలు తీశారు. ఎంచుకున్న కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికి, ఒడ్డు మీదికి చేర్చారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను అస్వాన్ నీళ్ల నుంచి తరలించే పని మొదలైంది 1964లో. మనవాళ్లు అప్పటికే ఆ పనిలో ఉన్నారు. నీళ్లు నిండాక కొండ శిఖరం ద్వీపమైంది.

అందుకే రోజంతటికీ పిల్లల చేతిలో ఒకే ప్రశ్న పెట్టండి: "ఇది మొదట ఇక్కడే ఉందా?"

తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరండి. ఔటర్ మీద బొంగులూరు దగ్గర దిగి, ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సాగర్ చేరొచ్చు. ఆనకట్ట దాటి కుడి ఒడ్డున ఉన్న విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కుతారు. ద్వీపానికి దాదాపు గంట ప్రయాణం. లాంచీలో ఫోన్లు పక్కన పెట్టించి, కింద ఏముందో ఊహించమనండి. వీధులు, విహారాలు, రేవు మెట్లు. ఇటీవలి కాలం వరకు మనుషులున్న ఊళ్లు కూడా.

ద్వీపం మీద గైడ్‌ను మాట్లాడుకోండి. ఆయన చెప్పేది వింటూనే మన ప్రశ్న అడుగుతూ ఉండాలి. కొన్ని కట్టడాలు లోయలోంచి తెచ్చి మళ్లీ పేర్చినవి. కొన్ని చిన్న సైజులో చేసిన నమూనాలు. శిథిలమైన కోట గోడలు మాత్రం అక్కడివే, అయితే అవి ఇక్ష్వాకులవి కావు, మధ్యయుగానివి. ఈ మూడింటినీ విడదీయగలిగితే ఏడో తరగతి పిల్లవాడు పురావస్తు శాస్త్రంలో సగం నేర్చుకున్నట్టే. ఏథెన్స్‌లోనూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. అక్రోపోలిస్ మీద ఎరెక్థియాన్ గుడి వరండాను మోస్తున్న ఆరుగురు రాతి స్త్రీలూ నకళ్లే. అసలు విగ్రహాల్లో అయిదు కింద మ్యూజియంలో, ఒకటి లండన్‌లో ఉన్నాయి.

మ్యూజియంలో తొందరపడకండి. గడ్డంతో, నడుము పైన బట్ట లేకుండా, చేతిలో కొమ్ము పాత్ర పట్టుకున్న మనిషి శిల్పం ఎక్కడుందో గైడ్‌ని అడగండి. గ్రీకుల ద్రాక్షసారాయి దేవుడు డయోనిసస్‌ను అందులో చూసిన పండితులున్నారు. మహాచైత్యం స్తంభ శాసనాల దగ్గర మాత్రం అమ్మమ్మ, నానమ్మ వెంట ఉంటే వాళ్లకు వదిలేయండి. ఆ స్తంభాలు నిలబెట్టించింది వీరపురుషదత్త మహారాజు మేనత్త శాంతిశ్రీ. ఆయన పెళ్లాడిన వాళ్లలో మేనత్తల కూతుళ్లు ఉన్నారు. మేనరికం గురించి మన పెద్దలకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు, పిల్లలకు రాజవంశ వృక్షం ఇట్టే అర్థమవుతుంది.

మధ్యాహ్నం ఒడ్డుకు చేరి భోంచేశాక అనుపు వెళ్లండి. రంగస్థలాన్ని తెచ్చి తిరిగి కట్టింది అక్కడే. గ్రీకు రంగస్థలం కొండవాలున అర్ధచంద్రాకారంలో ఉంటుంది. రోమన్ల యాంఫీథియేటర్‌ది కోడిగుడ్డు ఆకారం. ఇది దీర్ఘచతురస్రం, నాలుగు వైపులా మెట్లు. నమూనా బయటి నుంచి వచ్చిందా, ఆకారం మనవాళ్లు మార్చుకున్నారా? కుస్తీలు జరిగాయా, సంగీతమా, ఉత్సవాలా? పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, కాబట్టి మీ అమ్మాయి చెప్పే జవాబు కూడా వినదగ్గదే. టేపుతో మైదానం కొలిపించండి, సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు రావాలి. ఒకరు మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీద ఎంత వినిపిస్తుందో పరీక్షించండి.

తిరుగు ప్రయాణంలో కారులో చర్చకు ఒక అంశం. 1967లో జవహర్, లాల్‌బహదూర్ కాలువలకు వదిలిన నీళ్లు లక్షల ఎకరాలకు అన్నం పెట్టాయి. హైదరాబాద్ తాగే కృష్ణా జలాలు కూడా ఆ జలాశయం నుంచే వస్తాయి. అదే నీటి కింద ఒక రాజధాని, కొన్ని ఊళ్ల ఇళ్లు ఉన్నాయి. ఆ రోజు నిర్ణయం మీ చేతిలో ఉంటే ఏం చేసేవాళ్లని పిల్లల్ని అడగండి. మీ అభిప్రాయం మాత్రం చివర చెప్పండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ వాదనను ఒక పేజీలో రాసి తెస్తే క్లాసులో చదివిస్తాం.

చివరిగా కొన్ని జాగ్రత్తలు. శుక్రవారం మ్యూజియం సెలవు. గాలివాన ఉన్నా, నీటిమట్టం సరిపోకపోయినా లాంచీలు ఆపేస్తారు, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఎత్తిపోతల జలపాతం, బుద్ధవనం కూడా అదే రోజు చుట్టేద్దామనుకుంటే ఏదీ సరిగా చూడలేరు, వాటిని ఇంకో ఆదివారానికి ఉంచండి. టోపీలు, నీళ్ల సీసాలు, టేపు మర్చిపోవద్దు.